చీరాల వ్యాసం: ఒక ప్రాజెక్టు డైరీ

మొదటి రోజు

తెలుగు వికీపీడియా కోసం చీరాల పట్టణం గురించి సమగ్రమైన వ్యాసం సిద్ధం చేసే పని ఈ రోజు మొదలుపెట్టాను. ఉన్నదానిలో అక్కడొక మాట ఇక్కడొక మాట దిద్దడం కంటే, చిత్తుప్రతులు రాసుకోవడానికి వికీలో ఉండే నా ప్రయోగశాల పేజీలో మొదటి నుంచీ రాసుకుని, ప్రతి వాక్యానికీ మూలం కుదిరిన తరువాత భాగాలుగా కలపడం మేలనిపించింది. మా అమ్మ పుట్టిల్లు చీరాలను ఆనుకుని ఉన్న పేరాల. చిన్నప్పటి వేసవి సెలవులన్నీ అక్కడి మగ్గాల చప్పుడు మధ్యనే గడిచాయి. అభిమానం ఉన్న ఊరి గురించి రాసేటప్పుడు చెయ్యి దానంతట అదే పొగడ్త వైపు మొగ్గుతుంది కనుక, ఏ మాట ఎందుకు ఉంచానో, ఏది ఎందుకు తీసేశానో ఇందులో రాసిపెట్టుకుంటాను.

చిత్తుప్రతిలో మొదటి వాక్యం ఇలా వచ్చింది: "చీరాల ఘనమైన చరిత్ర కలిగి, చిన్న బొంబాయిగా పేరుగాంచిన సుప్రసిద్ధ చేనేత పట్టణం." సాయంత్రం మళ్లీ చదివితే, పాఠకుడికి ఆ వాక్యం వల్ల తెలిసేది చేనేత ఒక్కటే. ఊరు ఏ జిల్లాలో ఉందో కూడా అందులో లేదు. "ఘనమైన", "సుప్రసిద్ధ" రెండూ తీసేశాను. "చిన్న బొంబాయి" అన్నది బట్టల వ్యాపారాన్ని చూసి జనం ముద్దుగా అనుకునే మాట. ఆర్థిక వ్యవస్థ విభాగంలో, అలా అనేవారు ఎవరో చెప్పి వాడవచ్చు గాని, ప్రవేశికలో ఊరికి మారుపేరులాగా పెట్టకూడదు. ఇప్పుడున్న వాక్యం: "చీరాల, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం బాపట్ల జిల్లాలోని పట్టణం." చదవడానికి చప్పగా ఉన్నా, ఎవరు అడిగినా ఇందులోని ప్రతి మాటనూ నిలబెట్టగలను.

మూడవ రోజు

జిల్లా పేరే ఇంత పని పెడుతుందని అనుకోలేదు. 1904లో ఏర్పడిన గుంటూరు జిల్లాలో చీరాల ఉండేది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లింది, ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. ఒకే ఊరి గురించి మూడు జిల్లాల పేర్లతో మూలాలు ఉంటాయన్న మాట. వేరొకరు సదుద్దేశంతోనే అన్నిచోట్లా "బాపట్ల జిల్లా" అని మార్చేస్తే, 1921 నాటి చీరాల-పేరాల పన్ను నిరాకరణ ఉద్యమం బాపట్ల జిల్లాలో జరిగినట్లు తయారవుతుంది. అందుచేత చరిత్ర విభాగంలో ఏ సంఘటన చెప్పినా "అప్పటి గుంటూరు జిల్లా", "అప్పటి ప్రకాశం జిల్లా" అని రాయాలని నిర్ణయించుకున్నాను. చదవడానికి కాస్త అడ్డుగానే ఉంటుంది, అయినా తప్పదు.

భౌగోళికం సులువుగానే పూర్తయింది. హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గంలో విజయవాడ-గూడూరు మధ్య స్టేషను, కత్తిపూడి నుంచి ఒంగోలు వెళ్లే 216వ జాతీయ రహదారి, ఆరేడు కిలోమీటర్ల దూరంలో వాడరేవు సముద్రతీరం. తీరం గురించి పర్యాటక ప్రకటనల ధోరణిలో ఉన్న రెండు వాక్యాలను తొలగించాను.

నాలుగవ రోజు

జనాభా లెక్క. 2011 గణాంకాల ప్రకారం చీరాల పురపాలక సంఘం పరిధిలో 87,200 మంది ఉన్నారు. పక్కనున్న ఆవాసాలను కలిపి లెక్కించిన పట్టణ సముదాయం జనాభా లక్షన్నరకు పైనే. ఈ రెండు అంకెలూ నిజమే, రెండూ ఒకే గణనలోనివే. అయితే ఒక అంకెను వ్యాసం పక్కన ఉండే సమాచారపెట్టెలోనూ, రెండవదానిని జనాభా విభాగంలోనూ వివరణ లేకుండా పెడితే, ఊరు రాత్రికి రాత్రి రెట్టింపయినట్లు కనిపిస్తుంది. రెండింటినీ ఒకే వాక్యంలో పక్కపక్కన పెట్టి, దేని పరిధి ఏమిటో చెప్పాను. పెద్ద అంకె మీద మనసు లాగడం సహజమే గాని, పట్టణం అని చెప్పి సముదాయం లెక్క ఇవ్వడం తూకంలో మోసం చేయడం వంటిదే.

ఆరవ రోజు

పేరు వెనుక కథలు. చీరలు నేసే ఊరు కనుక చీరాల అయిందని ఒక మాట, క్షీరపురి అనే పాత పేరు నుంచి వచ్చిందని మరొక మాట. రెండూ చిన్నప్పటి నుంచీ విన్నవే, రెండవది చెప్పేటప్పుడు పెద్దవాళ్ల గొంతులో కాస్త గర్వం కూడా వినిపించేది. ఊరి పేరుకు సంస్కృత మూలం చూపించి గౌరవం తేవాలనే తపన తెలుగునాట చాలా ఊళ్లకు ఉంది. వ్యాసంలో వీటిని "స్థానికంగా చెప్పుకునే వ్యుత్పత్తులు" అన్న మాటతో, రెండు వాక్యాలకు మించకుండా ఉంచాను. "పురాణ ప్రసిద్ధి గల" అనే విశేషణం ఎలా దొర్లిందో గాని, నా చిత్తుప్రతిలోనే ఉంది. కొట్టేశాను.

తొమ్మిదవ రోజు

వేటపాలెం వెళ్లి వచ్చాను. 1918లో స్థాపించిన సారస్వత నికేతనం గ్రంథాలయం పాత పత్రికలకు పెట్టింది పేరు. చీరాల-పేరాల ఉద్యమం గురించి తరువాతి కాలపు పుస్తకాల్లో చదివినదానిని, అది జరుగుతున్న నాటి పత్రికలతో పోల్చి చూడాలని బయలుదేరాను. 1921 నాటి బైండు సంపుటాన్ని బల్ల మీద పెట్టినప్పుడు అంచుల నుంచి గోధుమరంగు పొడి రాలింది. పుటను మూలపట్టి లాగవద్దని చెప్పి, కింద ఒక అట్టముక్క జొనిపి, రెండు చేతులతో ఎత్తి ఎలా తిప్పాలో అక్కడి ఉద్యోగి ఒకరు చూపించారు. ఒక పుట చదవడానికి పది నిమిషాలు, తిప్పడానికి ఒక నిమిషం పట్టింది. ఆ వేగంతో చదవడం వల్ల మేలే జరిగింది. ఉద్యమం ఒక్కరోజులో ఎగసిన అల కాదని, వారాల తరబడి అర్జీలు, సభలు, జప్తులు, మళ్లీ అర్జీలతో సాగిందని ఆ పుటలు తిప్పుతుంటే అర్థమైంది.

జరిగిన సంగతి క్లుప్తంగా ఇది. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేసింది. అంతకుముందు ఏడాదికి నాలుగు వేల రూపాయల ప్రాంతంలో ఉన్న పన్ను భారం నలభై వేల ప్రాంతానికి పెరిగిందని ఉద్యమ చరిత్రలు చెబుతాయి. జనాభా పదిహేను వేలకు కాస్త పైన, అందులో అధికులు నేతపని వారు, చిన్న రైతులు, కూలీలు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు పన్ను కట్టబోమన్నారు. 1921 ఏప్రిల్ మొదట్లో, బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైన కొద్ది రోజులకు గాంధీ చీరాల వచ్చాడు. ఊరు విడిచి మునిసిపల్ హద్దు దాటి పోవడం ఒక దారి, అహింసాయుతంగా పన్ను నిరాకరించడం మరొక దారి అని ఆయన చెప్పినట్లు చరిత్రకారులు రాశారు. ప్రజలు మొదటి దారి పట్టారు. ఇళ్లకు తాళాలు వేసి, హద్దు అవతల పాకలు వేసుకుని, దానికి రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని, ఎండలకూ వానలకూ ఓర్చి సుమారు పదకొండు నెలలు ఉన్నారు. గోపాలకృష్ణయ్య ఏర్పరచిన రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళం అక్కడి వ్యవహారాలు చూసుకుంది.

ఈ రాత్రి నిద్ర పట్టలేదు. మగ్గం గుంటలో నుంచి మగ్గాన్ని ఊడదీసి ఇసుకలోకి మోసుకుపోవడం అంటే ఏమిటో ఆ పని దగ్గరగా చూసినవారికే తెలుస్తుంది. ఆ వాక్యం వ్యాసంలో రాయలేను, ఎందుకంటే అది నా ఊహ. డైరీలో రాసుకుంటున్నాను.

పదవ రోజు

ఉద్యమం విభాగాన్ని మూడుసార్లు తిరగరాశాను. మొదటి ప్రతిలో సర్కారు వాదన అసలు లేదు. జనం, వ్యాపారం పెరిగిన ఊరికి పారిశుద్ధ్యం, వీధులు, దీపాలు కావాలని, వాటికి పన్ను తప్పదని ప్రభుత్వ పక్షం అన్నది. ఇసుక నేల, మంచినీళ్ల బావులు ఉన్న తమ ఊళ్లకు ఆ ఖర్చు అవసరం లేదని, మోయలేమని ఊరివారు అన్నారు. రెండింటినీ వారి వారి మాటగానే రాశాను. ప్రభుత్వ వాదనను రాయడం అంటే దానిని సమర్థించడం కాదని నాకు నేనే చెప్పుకోవలసి వచ్చింది.

రెండవ లోపం ముగింపులో ఉంది. మేము బడిలో నేర్చుకున్న కథ రామ్‌నగర్ పాకల దగ్గర, జనం తెగువ దగ్గర ఆగిపోతుంది. నా ప్రతి కూడా అక్కడే ఆగింది. నిజానికి గోపాలకృష్ణయ్యను 1921లోనే బరంపురంలో నిర్బంధించి ఏడాది జైలుశిక్ష వేశారు. నాయకుడు లేక, చేతిలో డబ్బు ఆడక, చివరకు జనం 1922లో ఇళ్లకు తిరిగివచ్చారు. మునిసిపాలిటీని రద్దు చేయించాలన్న తక్షణ లక్ష్యం అప్పటికి నెరవేరలేదు. ఈ వాక్యం రాయడానికి కష్టమనిపించింది. కాని ఓడిపోయిన సంగతి దాచి చెబితే ఆ పదకొండు నెలల ఓర్పు విలువ తగ్గిపోతుందే తప్ప పెరగదు.

మూడవది "తొలి" అనే మాట. పన్ను కట్టనందుకు జైలుకు వెళ్లినవారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే మహిళ ఉన్నారు. రాజకీయ కారణాలతో జైలుకు వెళ్లిన తొలి భారతీయ మహిళ ఆమేనని కొన్ని రచనల్లో కనిపిస్తుంది. దేశమంతా గాలించి చూసినవారెవరైనా చెబితే తప్ప "తొలి" అన్న మాటను వ్యాసం తన గొంతుతో చెప్పకూడదు. ఆమె జైలుకు వెళ్లిన సంగతిని ప్రధాన వాక్యంగా ఉంచి, "తొలి" అన్నదానిని ఆ రచయితల అభిప్రాయంగా రాశాను. సంగతి దానంతటదే గొప్పది, దానికి కిరీటం అక్కరలేదు.

పదకొండవ రోజు

చరిత్ర విభాగం మొత్తం వ్యాసంలో సగమైంది. పదకొండు నెలల ఉద్యమానికి సగం పుట, మిగిలిన వందేళ్ల ఊరికి సగం పుట అంటే తూకం తప్పినట్లే. ఉద్యమానికి విడిగా ప్రధాన వ్యాసం ఉండాలి, ఇక్కడ దాని సారం మూడు పేరాలు చాలు. కోసిన భాగాన్ని పారేయకుండా ఆ వ్యాసం కోసం వేరే పేజీలో భద్రపరిచాను.

గౌరవ వాచకాల ముచ్చట కూడా తేలింది. తెవికీ (తెలుగు వికీపీడియా) పద్ధతి ప్రకారం "గారు", "శ్రీ" వాడము, "జన్మించాడు", "వచ్చాడు" అని ఏకవచనంలోనే రాస్తాము. గాంధీ వచ్చాడు అన్న పేరాను ఫోనులో అమ్మకు చదివి వినిపిస్తే, "అంతటి మనిషిని పట్టుకుని వచ్చాడు, పోయాడు అని రాస్తావేమిరా" అని నొచ్చుకుంది. ఆమె బాధ న్యాయమైనదే. తెలుగులో బహువచనం మర్యాద, దానిని తీసేస్తే దూరం తోస్తుంది. అయితే ఎవరికి మర్యాద ఇవ్వాలి, ఎవరికి అక్కరలేదు అని వ్యాసకర్త తీర్పు చెప్పడం మొదలుపెడితే, నాయకుడు "వచ్చారు", నేతకారుడు "వచ్చాడు" అని రాసే అలవాటు చాప కింద నీరులా చేరుతుంది. అందరికీ ఒకే క్రియ ఉండడమే నాకు సమ్మతం. గమ్మత్తేమిటంటే, నిన్న ఈ డైరీలో అలమేలుమంగమ్మ గురించి "ఉన్నారు" అనే రాశాను. వ్యాసంలో "ఉంది" అని దిద్దాను, ఇక్కడ అలాగే వదిలేశాను. "ఆంధ్రరత్న" బిరుదును గోపాలకృష్ణయ్య పేరు మొదటిసారి వచ్చిన చోట ఒక్కసారి చెప్పాను, తరువాత పేరు మాత్రమే.

పదిహేనవ రోజు

జాండ్రపేటలో అమ్మమ్మగారింటి వైపు బాగా ఎరిగిన నేతపెద్ద ఒకాయన ఉన్నారు. తేలియా రుమాలు అనే పాతకాలపు గళ్ల నేతగుడ్డ గురించి రాసిన రెండు పేరాలు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని విని, "నూనె వాసన సంగతి చెప్పకుండా తేలియా గురించి ఏం రాశావు అబ్బాయ్?" అన్నారు. నేను రంగుల గురించి, ఎగుమతుల గురించి రాశాను గాని, నిజంగానే నూనె ఊసెత్తలేదు. "మామయ్యా, పుస్తకంలో ఉంటేనే రాయాలి" అంటే, లోపలికి వెళ్లి పెట్టె అడుగున మడతపెట్టిన పాత రుమాలు తెచ్చి నా ఒళ్లో వేశారు. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు. పడుగు నూలుకూ పేక నూలుకూ ముందే ముడులు కట్టి రంగులద్ది, మగ్గం మీద రెండింటినీ కలిపేటప్పుడు బొమ్మ కుదిరేలా నేసిన పని అది. బొమ్మల అంచులు కత్తిరించినట్లు ఉండవు, వెంట్రుకవాసి చెదిరి ఉంటాయి. ముఖం దగ్గరికి తెచ్చుకుంటే మడతల్లో ఇప్పటికీ సన్నని నూనె వాసన ఉంది.

ఇంటికి వచ్చి ప్రచురితమైన మూలాలు మళ్లీ తిరగేశాను. ఆయన మాట సరిగ్గా అక్కడే ఉంది, నేనే దాటేశాను. నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీటిలోనూ రోజుల తరబడి నానబెట్టి పిసికి ఆరబెడతారు. దాని వల్లే రంగు లోతుగా పట్టి, బట్ట మెత్తగా ఉంటుంది, ఆ తైలం వల్లే తేలియా అన్న పేరు వచ్చింది. ఎండ దేశాల్లో తలగుడ్డగా దానికి గిరాకీ ఉండేది. ఆయన చెప్పినదానిని మూలంగా చూపలేను, ఎందుకంటే పాఠకుడు వెళ్లి సరిచూసుకోలేడు. కాని ఏ పుట తెరవాలో చెప్పింది ఆయనే.

ఇక ఎవరిది ఈ నేత అన్న తగాదా. ఇప్పుడు ఈ పనికి పేరు పడ్డది యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాక. ఒక ప్రాంతపు ఉత్పత్తికి ఇచ్చే భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) కూడా 2020లో పుట్టపాక తేలియా రుమాలుకే వచ్చింది. చీరాలలో చాలామందికి ఇది గుచ్చుకునే సంగతి. నా మొదటి ప్రతిలో "చీరాలలో పుట్టి పుట్టపాకకు తరలిపోయిన" అని ఉంది, ఆ "తరలిపోయిన"లో ఒక దెప్పిపొడుపు ఉంది. పుట్టపాక నేతకారులు ఈ పనిని తరాలుగా నిలబెట్టకపోతే ఈ రోజు చెప్పుకోవడానికి పాత పెట్టెల్లోని గుడ్డలే మిగిలేవి. దిద్దిన వాక్యం: "తేలియా రుమాళ్ల నేతకు, ఎగుమతికి చీరాల ఒకప్పుడు ప్రధాన కేంద్రం, ప్రస్తుతం ఈ నేతకు తెలంగాణలోని పుట్టపాక ప్రసిద్ధి." రెండు ఊళ్లవారూ చదివి తల ఊపగల వాక్యం అనుకుంటున్నాను.

పదహారవ రోజు

ఆర్థిక వ్యవస్థ. పొగాకు కంపెనీ ఐ.ఎల్.టి.డి., కుప్పడం చీరలు, బట్టల దుకాణాలు. ఇవన్నీ రాసిన తరువాత విభాగం బట్టల కొట్టు ప్రకటనలాగా కనిపించింది. చేనేత గురించి చీర కొనేవారి వైపు నుంచి మాత్రమే రాశానని తట్టింది. మాస్టర్ వీవరు నూలు ఇచ్చి, నేసిన చీరకు మజూరీ లెక్కగట్టే పద్ధతి, మరమగ్గాల పోటీ, సహకార సంఘాల పాత్ర చేర్చాను. నూలు ధరలు పెరిగి 1991లో ఈ ప్రాంతపు నేతకారుల ఇళ్లలో ఆకలిచావులు సంభవించాయి. ఎంతమంది అన్నదాని మీద లెక్కలు వేరువేరుగా ఉన్నందున అంకె ఇవ్వకుండా, సంఘటనను మాత్రం రాశాను. ఊరి పరువు తీస్తున్నానని ఎవరైనా అనవచ్చు. చీర అందం గురించి నాలుగు వాక్యాలు రాసినవాడు నేసిన మనిషి ఆకలి గురించి ఒక వాక్యమైనా రాయాలి.

ఇరవయ్యవ రోజు

కారంచేడు. ఇన్ని రోజులుగా వాయిదా వేస్తూ వచ్చిన పేరా ఇది. 1985 జూలై 17న చీరాలకు దగ్గరలోని కారంచేడులో దళితులపై జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాలకు చేరి ఒక చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆ శిబిరమే ఉద్యమానికి కేంద్రమైంది, అదే ఏడాది ఏర్పడిన దళిత మహాసభకు అక్కడి పోరాటమే పునాది. కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్లి 2008లో తుది తీర్పు వచ్చింది.

ఇది పక్క ఊరి సంగతి, చీరాల వ్యాసంలో ఎందుకు అన్న ప్రశ్న నాలోనే మొదట లేచింది. ఆ ప్రశ్నను నిజాయితీగా పరీక్షించాను. వేటపాలెం గ్రంథాలయాన్ని "సమీప విశేషాలు"లో సంతోషంగా చేర్చాను, అప్పుడు పక్క ఊరు అనిపించలేదు. గర్వపడేది మనది, తలవంచుకునేది పక్క ఊరిది అంటే అది తటస్థ దృక్కోణం కాదు. అయితే దాడి వివరాలు కారంచేడు వ్యాసంలోనే ఉండాలి. చీరాల వ్యాసంలో శిబిరం, అక్కడి నుంచి సాగిన ఉద్యమం, బాధితుల పునరావాసం వరకు రాయాలి. "ఘర్షణ" అన్న మాట వాడలేదు. రెండు పక్షాలు సమానంగా తలపడినట్లు చెప్పే మాట అది, జరిగింది అది కాదు. తూకం అంటే ప్రతి సంగతినీ సగం సగం పంచడం అనుకునేవారు ఇక్కడే పొరబడతారు.

ఇంకొకటి. 1921లో చీరాల జనం ఇళ్లు విడిచి ఊరి హద్దు అవతల పాకల్లో ఉన్నారు. 1985లో మరొక ఊరి జనం ఇళ్లు విడిచి చీరాలలో శిబిరం వేసుకున్నారు. మొదటిదానిని ఊరు పండుగలాగా తలచుకుంటుంది, రెండవది మాట్లాడితే గొంతు తగ్గిస్తుంది. ఈ పోలిక తోచిన క్షణం నుంచి నన్ను వదలడం లేదు. కాని ఏ చరిత్రకారుడూ ప్రచురించిన మాటగా ఇది నాకు దొరకలేదు కనుక వ్యాసంలోకి రాదు, వికీ భాషలో మౌలిక పరిశోధన, అంటే ప్రచురిత ఆధారం లేని సొంత నిర్ధారణ అవుతుంది. కాలక్రమంలో రెండు పేరాలూ వాటి వాటి చోట ఉన్నాయి. చదివేవారికి తట్టవలసి ఉంటే తడుతుంది.

ఇరవై నాలుగవ రోజు

చర్చా పేజీలో ఇద్దరు సభ్యులు చిత్తుప్రతిని పరిశీలించారు. ప్రముఖులు విభాగంలో మూలం లేని పేర్లు ఎందుకని ఒకరు అడిగారు, ఐదు పేర్లు తీసేశాను. అందులో మా కుటుంబం గౌరవించే ఉపాధ్యాయుడి పేరు ఒకటి ఉంది. కారంచేడు పేరా పొడవు తగ్గించాలని మరొకరు సూచించారు. వారి వాదన చదివి, ఒక విశేషణాన్ని, తీర్పు గురించి రెండుసార్లు వచ్చిన మాటను తొలగించాను, మిగిలినది ఎందుకు ఉండాలో కారణాలతో జవాబిచ్చాను. వారు ఒప్పుకున్నారు.

ఇరవై ఆరవ రోజు

వ్యాసాన్ని విభాగాలుగా కలిపాను, ప్రతి దిద్దుబాటు సారాంశంలో ఏమి మారిందో రాశాను. మామయ్య అనుమతితో తీసిన గుంట మగ్గం ఫొటోను ఆర్థిక వ్యవస్థ పక్కన పెట్టాను. రుమాలు ఫొటోలో కిటికీ వెలుతురు వల్ల ఎరుపు నారింజలా పడింది, రంగే ప్రాణమైన బట్టకు అలాంటి బొమ్మ పెట్టడం ఇష్టం లేక ఆపాను. ఆదివారం ఉదయం వెళ్లి, వసారాలో నీడపట్టున పరిచి మళ్లీ తీయాలి. పేరాల, జాండ్రపేట, వేటపాలెం వ్యాసాల నుంచి ఇక్కడికి లింకులు సరిచూడడం, కోసి భద్రపరిచిన ఉద్యమ భాగాన్ని ప్రధాన వ్యాసంలో చేర్చడం మిగిలి ఉన్నాయి.